విహార నౌకా సిబ్బందికి అదనపు టిప్పు: ఎవరికి, ఎంత, ఎట్లా

విహార నౌకలలో, అనగా క్రూయిజ్ ఓడలలో, ప్రయాణం ముగింపుకు వచ్చేసరికి ప్రతి గదికీ ఒక బిల్లు సిద్ధమవుతుంది. అందులో 'గ్రాట్యుటీ' అనే పద్దు కనిపిస్తుంది. మన దేశంలో గ్రాట్యుటీ అంటే ఉద్యోగం విడిచిన నాడు యజమాని తన ఉద్యోగికి చెల్లించే సొమ్ము. ఓడ బిల్లులో దాని అర్థం పూర్తిగా వేరు. అది సిబ్బంది నిమిత్తం ప్రయాణికుడి నుంచి రోజుకు ఇంత, మనిషికి ఇంత అని వసూలు చేసే సేవారుసుము. మొదటిసారి ఓడ ఎక్కినవారిలో కొందరు ఈ పద్దును చూసి ఇది యజమాని బాధ్యత కదా, మాకెందుకు వేశారని సిబ్బందితో వాదానికి దిగుతారు. మరికొందరు దానిని గమనించక, గది శుభ్రం చేసిన మనిషికి ఏమీ ఇవ్వలేదే అన్న సంకోచంతో చేతిలో ఉన్నదంతా ఇచ్చివేస్తారు.

ఈ పద్దును, దానికి పైన స్వయంగా ఇచ్చే సొమ్మును వేరు చేసి చూడడానికి తెలుగులో రెండు పాత మాటలు పనికివస్తాయి. ఒకటి మామూలు, రెండవది ఈనాము. మామూలు అన్న మాటకు నేడు లంచమనే చెడ్డ అర్థం స్థిరపడింది కాని, మొదట అది వాడుక ప్రకారం చెల్లవలసినది అని మాత్రమే. ఈనాము ఇచ్చేవాడి ఇష్టం. చెన్నపట్నంలో దీపావళికి తపాలా మనిషికీ, పారిశుద్ధ్య కార్మికుడికీ ఇచ్చే 'దీపావళి ఈనాము' ఆ ప్రాంతపు తెలుగువారికి సుపరిచితమే. ఓడలో దినసరి సేవారుసుము మామూలు వంటిది. దానికి మించి చేతికి ఇచ్చేది ఈనాము. మామూలును రద్దు చేయించి ఈనాము ఇచ్చినవాడు తాను ఉదారంగా ప్రవర్తించానని భావించవచ్చును. ఓడ అడుగు అంతస్తులలో దాని ఫలితం మరొక విధంగా ఉంటుంది.

కవరు పోయి ఖాతా వచ్చిన విధం

1990ల వరకు ఈ వ్యవహారం చాలా సరళంగా ఉండేది. ప్రయాణికుడికి భోజనశాలలో ఒకే బల్ల, రోజూ ఒకే వేళ, ఒకే వెయిటరు. చివరి రాత్రి గదిలో చిన్న చిన్న తెల్ల కవర్లు పెట్టేవారు. గది చూసిన స్టివార్డుకు ఒకటి, వెయిటరుకు ఒకటి, సహాయ వెయిటరుకు ఒకటి, పెద్ద వెయిటరుకు ఒకటి. ఎవరికి ఎంత ఇవ్వడం మర్యాదో తెలిపే పట్టిక కూడా పక్కనే ఉండేది. ఆ రాత్రి భోజనానికి రాకుండా తప్పించుకొనే ప్రయాణికుల గురించి ఓడ సిబ్బందిలో కథలు కథలుగా చెప్పుకొనేవారు.

2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 'ఫ్రీస్టైల్ క్రూయిజింగ్' పేరిట కొత్త ఏర్పాటు తెచ్చింది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ భోజనశాలలోనైనా తినవచ్చును. ఏడు రాత్రులలో ఏడుగురు వెయిటర్లు వడ్డించినప్పుడు కవరు ఎవరికివ్వాలి? ఈ చిక్కుకు పరిష్కారంగా దినసరి రుసుమును నేరుగా ప్రయాణికుడి ఖాతాకు వేయడం మొదలై, తరువాతి కొద్ది సంవత్సరాలలో అమెరికా మార్కెట్టులోని పెద్ద సంస్థలన్నిటికీ పాకింది. టిప్పు అవసరం లేదని చాలాకాలం ప్రచారం చేసుకొన్న హాలండ్ అమెరికా లైన్ కూడా 2000 దశకం నడిమికి ఈ దారికే వచ్చింది.

రుసుము క్రమంగా పెరుగుతూ వచ్చింది. కార్నివాల్ సంస్థ 2023 ఏప్రిల్ 1 నుంచి సాధారణ గదులలోని వారికి మనిషికి రోజుకు 16 డాలర్లు, సూట్‌లలోని వారికి 18 డాలర్లు చేసింది. రాయల్ కరేబియన్ ఆ తరువాత సాధారణ గదులకు 18.50 డాలర్లు, సూట్‌లకు 21 డాలర్లు నిర్ణయించింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు గల కుటుంబం ఏడు రాత్రుల ప్రయాణం చేస్తే, 18.50 డాలర్ల చొప్పున 518 డాలర్లు అవుతుంది. డాలరు 90 రూపాయలుగా లెక్క వేసుకొంటే ఇది 46,620 రూపాయలు. టికెట్టు చవకగా దొరికిందని సంతోషించిన కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. పిల్లలకు కూడా పెద్దలతో సమానంగానే వేస్తారు. పసిపిల్లలకు మినహాయింపు ఉన్నదీ లేనిదీ సంస్థను బట్టి ఉంటుంది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు నగరాల నుంచి సింగపూరు వెళ్లి మూడు నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేసే కుటుంబాలు ఈ లెక్కను టికెట్టు కొనేనాడే వేసుకోవడం మంచిది. చాలా సంస్థలు దీనిని ముందే చెల్లించే వీలు కల్పిస్తాయి. ఆ తరువాత రుసుము పెరిగినా, ముందుగా చెల్లించినవారిని సాధారణంగా పెంపు తాకదు.

అన్ని ఓడలలోనూ ఈ పద్ధతి లేదు. బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ క్రూయిజెస్ 2019 మే నుంచి దినసరి రుసుమును ఎత్తివేసి టికెట్టు ధరలోనే కలిపివేసింది. రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ, సీబోర్న్ వంటి అతి ఖరీదైన ఓడల టికెట్టులో టిప్పు చేరే ఉంటుంది. ఆ ఓడలలో అదనంగా ఇవ్వకపోయినా ఎవరూ వింతగా చూడరు.

మూల వేతనం, టిప్పు

దినసరి రుసుమును సంస్థలు 'సిబ్బంది ప్రశంస' వంటి అందమైన పేర్లతో పిలుస్తున్నా, ఆచరణలో అది హోటలు విభాగపు సిబ్బంది జీతంలో ముఖ్యభాగం. 1990లలోనూ, 2000 దశకంలోనూ అమెరికా మార్కెట్టులోని కొన్ని ఓడలలో వెయిటరు మూల వేతనం నెలకు 50 డాలర్లే ఉండేది. మిగిలినదంతా టిప్పులే. 2012లో బ్రిటన్ పత్రికలు అక్కడి ఒక పెద్ద సంస్థలో కొందరి మూల వేతనం గంటకు 75 పెన్నీలేనని బయటపెట్టినప్పుడు గొప్ప దుమారం రేగింది. తరువాతి కాలంలో పలు సంస్థలు 'హామీ వేతనం' అనే పద్ధతి తెచ్చాయి. టిప్పులలో వచ్చే వాటా ఆ మొత్తానికి చేరకపోతే కొరవను సంస్థ భరిస్తుంది.

అమెరికాలోని మయామి నుంచి బయలుదేరే ఓడలో అమెరికా కనీస వేతనం ఎందుకు వర్తించదన్న ప్రశ్న సహజం. ఆ ఓడ మీద ఎగిరేది అమెరికా జెండా కాదు. చాలా విహార నౌకలు బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా వంటి చోట్ల నమోదై ఉంటాయి. ఓడ ఏ దేశపు జెండా ధరిస్తే లోపల ఆ దేశపు చట్టం నడుస్తుంది. పరదేశపు జెండా గల ఓడలోని పరదేశ సిబ్బందికి అమెరికా కార్మిక సంబంధాల చట్టం వర్తించదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1963లోనే తీర్పు చెప్పింది.

ఉన్నంతలో పెద్ద రక్షణ 2006లో జెనీవాలో ఆమోదం పొంది, 2013 ఆగస్టు 20న అమలులోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక. భారతదేశం 2015లో దీనిలో చేరింది. ఓడ నడిపేవారు మాత్రమే కాక, వెయిటరు, స్టివార్డు, వంటవాడు, దోబీ కూడా దీని ప్రకారం నావికులే. పని వేళలకు హద్దు పెట్టే చోట 24 గంటలలో 14, ఏడు రోజులలో 72 గంటలు మించరాదు. విశ్రాంతితో కొలిచే చోట 24 గంటలలో 10, ఏడు రోజులలో 77 గంటలకు తక్కువ కారాదు. రెండవ కొలతతో లెక్క కడితే వారానికి 91 గంటల పనికి వీలుంటుందని పాఠకులు గ్రహించగలరు. అనుభవం గల నావికుడి కనీస మూల వేతనంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ వేదిక 2025 జనవరి నుంచి నెలకు 673 డాలర్లు సూచించింది. అది మార్గదర్శకమే కాని విధి కాదు.

హోటలు విభాగపు ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. అన్ని నెలలూ వారపు సెలవు లేకుండానే గడుస్తాయి. తిండి, వసతి ఓడవే. నిద్రించే గది తరచు నీటి మట్టానికి దిగువన, కిటికీ లేకుండా, ఇద్దరికి ఒకటిగా ఉంటుంది. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, భారత్ దేశాలవారు ఈ పనులలో అధికం. మన దేశంలో గోవా, ముంబయి, మంగళూరు, కేరళ ప్రాంతాల కుటుంబాలకు ఈ వృత్తితో దీర్ఘకాలపు అనుబంధం ఉంది. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో కరోనా కారణంగా నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 138 మంది భారతీయులు ఉండగా, వారిలో 132 మంది సిబ్బందే. ఆ వసంతంలో లోకమంతటా విహార నౌకలు లంగరు వేసినప్పుడు, ప్రయాణికులు లేని ఓడలో టిప్పన్నది లేకపోయింది. తమ జీతంలో ఎంత భాగం యజమానిది, ఎంత భాగం ప్రయాణికుడిది అన్నది చాలామందికి నెల తిరగకుండానే తెలిసివచ్చింది.

రుసుము రద్దు చేయిస్తే

దినసరి రుసుము చాలా అమెరికా సంస్థలలో చట్టరీత్యా తప్పనిసరి కాదు. ప్రయాణికుడు అతిథి సేవల బల్ల వద్దకు వెళ్లి తగ్గించమనో, తీసివేయమనో కోరవచ్చును. ఆ మొత్తాన్ని స్వయంగా చేతికే ఇస్తే మధ్యవారు తినకుండా పనివాడికే చేరుతుంది కదా అన్న వాదన తరచు వినిపిస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని అది ఓడ పనితీరు తెలియని వాదన.

2024 జనవరిలో ప్రయాణాలు ప్రారంభించిన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడలో సిబ్బంది సుమారు 2,350 మంది. వారం రోజులలో ఒక ప్రయాణికుడి కంట పడి, పేరు గుర్తుండేవారు పదిమందో పదిహేను మందో. తువాళ్లు ఉతికేవారు, పాత్రలు తోమేవారు, నడవాలు రాత్రిపూట తుడిచేవారు, కూరగాయలు తరిగేవారు ఎన్నడూ ఎదుట పడరు. దినసరి రుసుములో వాటా పొందే వర్గాలు సంస్థను బట్టి మారుతాయి. గది, భోజనశాల సిబ్బందితోపాటు తెరవెనుక హోటలు సిబ్బందికీ అందులో భాగం ఉండడం పెద్ద సంస్థలలో సాధారణం. రుసుము తీసివేయించి ఇద్దరు ముగ్గురికి నోట్లు పంచిన ప్రయాణికుడు కనిపించేవారికి ఇచ్చినది కనిపించనివారి వాటా నుంచే.

పైగా కొన్ని సంస్థల నియమం ప్రకారం రుసుము రద్దు చేయించిన గది నుంచి సిబ్బందికి నగదు అందితే దానిని ఉమ్మడి నిధికి జమ చేయవలసిందే. ఏ గదివారు రుసుము తీసివేయించారో లెక్కలలో ఉంటుంది కనుక దాచడం ఉద్యోగానికే ముప్పు. రుసుము యథాతథంగా ఉంచి, ఆపైన ఇచ్చినదైతే పుచ్చుకొన్నవారి సొంతం. అదనపు టిప్పు అన్న మాటకు సరైన అర్థం ఇదే. హామీ వేతనం ఉన్న చోట కూడా ఇదే తర్కం వర్తిస్తుంది. రుసుములోని వాటా హామీ మొత్తాన్ని పూరించడానికే సరిపోవచ్చును. చేతికి అందిన పది డాలర్లు మాత్రం ఏ లెక్కలోనూ కరిగిపోవు.

సిబ్బందికి సరిపడా జీతం ఇవ్వవలసింది సంస్థే, ఆ భారాన్ని ప్రయాణికుడి మర్యాద మీద వేయడం న్యాయం కాదు అనేవారి మాటలో సత్యం ఉంది. అయితే ఆ అభ్యంతరాన్ని టికెట్టు కొనేటప్పుడు, టిప్పు కలిసి ఉన్న ఓడను ఎన్నుకోవడం ద్వారా తెలియజేయవచ్చును. ఓడ ఎక్కి, సేవ పొంది, చివరి రోజున రుసుము కొట్టివేయించడం వల్ల సంస్థకు తగిలే దెబ్బ స్వల్పం.

అదనం ఎవరికి

మొదట గుర్తుకు వచ్చేది గది స్టివార్డు. ఒకప్పుడు ఉదయం, సాయంత్రం రెండు పూటలా గది సర్దేవారు. 2023లో నార్వేజియన్, రాయల్ కరేబియన్ సంస్థలు సాధారణ గదులకు దీనిని రోజుకు ఒక పూటకు తగ్గించాయి. దీనివల్ల స్టివార్డు పని తేలికైందనుకోవడం పొరపాటు, ఒక్కొక్కరికి అప్పగించే గదులు పెరగవచ్చును. పసిపిల్లలున్న కుటుంబం, మంచం దిగలేని వృద్ధులు, సముద్రపు వికారంతో వాంతులు చేసుకొన్నవారు ఉన్న గదిని చూడడం మామూలు పని కాదు. అటువంటి సందర్భాలలో అదనం ఇవ్వడం న్యాయమే. వారం ప్రయాణానికి గదికి 20 నుంచి 50 డాలర్ల దాకా ఇవ్వడం ప్రయాణికులలో వాడుక. అంతకు తక్కువ ఇచ్చినా తప్పు లేదు.

భోజనశాలలో వెయిటరు ఎదుట నిలిచి నవ్వుతూ మాట్లాడతాడు, బరువు మోసేది సహాయ వెయిటరు. సిబ్బంది ధరించే పేరు పలక మీద చాలా ఓడలలో వారి దేశం పేరు కూడా ఉంటుంది. భారతదేశం పేరు చూడగానే మనవారు పలకరించి, హిందీలోనో, అదృష్టం బాగుంటే తెలుగులోనో మాట కలుపుతారు. అందులో తప్పేమీ లేదు. కాని చివరి రాత్రి ఇచ్చేదంతా మన భాష మాట్లాడినవాడికే ఇచ్చి, వారమంతా ఎంగిలి పళ్లాలు ఎత్తిన ఇండొనేషియా యువకుడిని మరిచిపోవడం కద్దు. ఇద్దరికీ వేరు వేరు కవర్లు ఉండాలి.

శాకాహారుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పెద్ద ఓడలలో పెద్ద వెయిటరుకు మొదటి రోజే చెబితే మరునాటి రాత్రికి పప్పు, కూర, అన్నం, పెరుగు వంటివి జాబితాలో లేకున్నా చేయించి పెట్టడం జరుగుతూ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి లేని వంట అడిగేవారూ ఉంటారు. ఇందులో పెద్ద వెయిటరు శ్రమ కొంత, వంటశాలలోని భారతీయ వంటవాడి శ్రమ చాలా. వేలమందికి ఒకే లెక్కన వంట సాగే చోట ఒక బల్లకు వేరే పొయ్యి వెలిగించడం సులువు కాదు. ఆ వంటవాడు భోజనశాలలోకి రాడు. పెద్ద వెయిటరును అడిగి అతని పేరు తెలుసుకొని, పేరు రాసిన కవరును విడిగా పంపడం ఉచితం. వీలైతే వంటవాడినే ఒకసారి బయటకు పిలిపించమని కోరవచ్చును. తెలుగు కుటుంబాలు ఓడలో అదనంగా పొందే సేవలలో ఇదే అన్నిటికంటె పెద్దది, టిప్పుల లెక్కలో తరచు జారిపోయేదీ ఇదే.

గదికి భోజనం తెచ్చినవారికి రెండు నుంచి అయిదు డాలర్లు ఇస్తారు. పిల్లల క్రీడాగృహంలో రోజంతా పిల్లలను చూసుకొన్నవారు చాలా సంస్థలలో దినసరి రుసుము వాటాదారులు కారు, వారికి కృతజ్ఞత తెలపదలచినవారు సంస్థ నియమం కనుక్కొని ఇవ్వాలి. కెప్టెనుకు, అధికారులకు, వైద్యుడికి, నర్సుకు, భద్రతా సిబ్బందికి టిప్పు ఇవ్వజూపడం మర్యాద కాదు. వారి జీతపు పద్ధతి వేరు. రేవులో సామాను మోసే కూలీలు, ఒడ్డున ఊరు చూపించే మార్గదర్శకులు ఓడ ఉద్యోగులు కారు కనుక ఓడ రుసుములో వారికి చిల్లిగవ్వ చేరదు. అమెరికా రేవులలో పెట్టెకు రెండు డాలర్ల వరకు ఇవ్వడం ఆచారం.

రెండుసార్లు కట్టకుండా

పానీయాల అంగడిలో, ప్రత్యేక భోజనశాలలో, స్పాలో ధరకు పైన 18 శాతం, కొన్ని సంస్థలలో 20 శాతం సేవారుసుము దానంతట అదే చేరుతుంది. పది డాలర్ల పండ్లరసం 11.80 అవుతుంది. సంతకం కోసం తెచ్చే చీటీలో దాని కింద 'అదనపు టిప్పు' అని మరొక ఖాళీ గీత ఉంటుంది. పైన పడిన రుసుమును చూడక ఆ గీత మీద మళ్లీ 20 శాతం వేసే ప్రయాణికులు ఎందరో. ఖాళీగా వదలడంలో తప్పు లేదు, అక్కడ ఒక అడ్డగీత గీసి మొత్తాన్ని స్వహస్తంతో రాయడం ఇంకా మేలు. రోజూ వెళ్లే అంగడిలో ఒకే మనిషి తమ అలవాటు గుర్తుపెట్టుకొని అడగకముందే అందిస్తుంటే, అతనికి ఎప్పుడైనా ఒకటి రెండు డాలర్లు చేతికివ్వడం వేరే విషయం.

భారతీయ రేవుల నుంచి బయలుదేరే ఓడలలో లెక్క రూపాయలలో ఉంటుంది. 1990లో నిర్మితమై, రాయల్ కరేబియన్ సంస్థలో చాలాకాలం తిరిగిన ఎంప్రెస్ ఓడ 2021 సెప్టెంబరులో కోర్డీలియా క్రూయిజెస్ పేరిట ముంబయి నుంచి, 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికి ప్రయాణాలు ప్రారంభించింది. విశాఖలో ప్రత్యేక క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. రెండు మూడు రాత్రుల ఇటువంటి ప్రయాణాలలో టికెట్టు ధరలో సేవారుసుము చేరిందా, వేరుగా వేస్తారా అన్నది ఏజెంటును అడిగి రాతపూర్వకంగా తెలుసుకొంటే ఓడలో వాదులాట ఉండదు.

ఇచ్చే పద్ధతి

ఓడలో కొనుగోళ్లన్నీ గది తాళపు కార్డుతోనే సాగుతాయి. అందుచేత చేతిలో నగదు లేకుండా వారం గడిచిపోయి, చివరి రోజున చిల్లర కోసం అతిథి సేవల బల్ల ముందు బారులు తీరుతారు. అప్పటికి అక్కడా చిన్న నోట్లు నిండుకొంటాయి. ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లను స్వదేశంలోనే తీసుకొని వెళ్లాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం చాలా దేశాలకు వెళ్లే ప్రయాణికుడు ఒక్కొక్క ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు విదేశీ నగదు నోట్లు కొనుక్కోవచ్చును కనుక ఇబ్బంది లేదు. నాణేలు ఇవ్వరాదు. మనీలాలోనూ, జకార్తాలోనూ, ముంబయిలోనూ నాణేలను మార్చి ఇచ్చేవారు దొరకరు. చిరిగిన, సిరా గుర్తులు పడిన డాలరు నోట్లను కూడా ఆసియాలోని మారకందారులు తిప్పికొడతారు. పాత నోట్లు వదిలించుకొనే చోటు టిప్పు కవరు కాదు. కరేబియన్ సముద్రంలో భారతీయ వెయిటరుకు రూపాయలు ఇవ్వడం ఆప్యాయంగా కనిపించినా, అతను ఇల్లు చేరే దాకా అవి పనికిరావు.

ఖాతా ద్వారా అదనపు టిప్పు వేయించే వీలు చాలా ఓడలలో ఉంది. అది జీతంతోపాటు అందుతుంది. నగదు అయితే ఆ రాత్రే అందుతుంది, రేవులో దిగినప్పుడు ఇంటికి పంపుకోవచ్చును. సిబ్బంది నగదునే ఇష్టపడతారు.

ఎప్పుడివ్వాలన్న విషయంలో రెండు పద్ధతులున్నాయి. మొదటి రోజే కొంత ఇచ్చి, మిగిలినది చివర ఇస్తే సేవ బాగుంటుందని కొందరి నమ్మకం. ఇది లంచానికి సమీపం. ప్రత్యేక అవసరం ఉన్నవారు, ఉదాహరణకు రోజూ మంచుగడ్డలో మందులు పెట్టించుకోవలసినవారు, మొదటనే కొంత ఇచ్చి విషయం చెప్పడం అర్థవంతం. తక్కినవారికి చివరి రోజు సాయంత్రమే సరైన వేళ. చివరి ఉదయం ఇద్దామనుకొంటే కుదరదు. సిబ్బంది తెల్లవారుజాము నుంచి రాబోయే ప్రయాణికుల కోసం గదులు మార్చే హడావుడిలో ఉంటారు, పగటి భోజనశాలలో రాత్రి వడ్డించిన వెయిటరు కనబడకపోవచ్చును. కవరును బల్ల మీద వదలక చేతికే ఇచ్చి, పేరుతో పిలిచి రెండు మాటలు చెప్పాలి. వయసులో చిన్నవారైనా 'మీరు' అనడమే తగినది. బల్ల దగ్గర నలుగురిలో నోటు ఊపుతూ పిలవడం గురించి చెప్పనవసరం లేదు.

డబ్బుకు బదులు వస్తువులు ఇచ్చేవారు కొన్ని సంగతులు గమనించాలి. ఇద్దరు పంచుకొనే చిన్న గదిలో పెద్ద బహుమతులకు చోటుండదు. ఇంట్లో చేసిన పచ్చళ్లు, పిండివంటలు అనేక రేవులలో ఆహార నిషేధాలకు లోనవుతాయి. వాడిన దుస్తులు, సగం మిగిలిన సబ్బులు, నూనె సీసాలు గదిలో వదిలి 'తీసుకో' అనడం దానం కూడా కాదు. ప్రయాణికుడి వస్తువు సిబ్బంది గదిలో కనబడితే దొంగతనపు అనుమానం వచ్చే అవకాశం ఉంది కనుక, వస్తువు ఏదైనా ఇస్తే పేరు, గది సంఖ్య, తేదీ రాసి సంతకం చేసిన చిన్న చీటీ జతపరచడం అవసరం.

ఖర్చు లేని అదనపు టిప్పు ఒకటుంది. ప్రయాణం ముగిశాక సంస్థ పంపే అభిప్రాయ పత్రంలో సిబ్బంది పేరు రాయడం. పేరు పేరునా వచ్చిన ప్రశంసలను పదోన్నతికి, తరువాతి ఒప్పందానికి పరిగణించే సంస్థలు ఉన్నాయి. ఒకే ఓడలో అదే పేరు గలవారు ముగ్గురు నలుగురు ఉండడం సాధారణం కనుక, పేరు పలక మీద ఉన్న అక్షరాలను ఉన్నవి ఉన్నట్లే చూసి రాసి, దేశం, పనిచేసే అంతస్తు, గది లేదా బల్ల సంఖ్య కూడా జతచేయాలి. ఈ వివరాలను ఓడ దిగకముందే రాసిపెట్టుకోవాలి. అభిప్రాయ పత్రం చేరేసరికి ప్రయాణికుడు ఇంట్లో ఉంటాడు, పేర్లు అప్పటికే కలిసిపోయి ఉంటాయి.